పవర్ మాత్ర మొదలైనప్పుడు

గుండె జబ్బు నాకు కొత్త కాదు. పదమూడేళ్ల వయసులో గొంతునొప్పి వచ్చింది, ఆ వెనకే జ్వరం, ఒక మోకాలు తగ్గేలోపు ఇంకో మోకాలు వాపు. రుమాటిక్ జ్వరమని తేలేసరికి మైట్రల్ వాల్వ్ దెబ్బతినిపోయింది. ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ సూది వేయించుకుంటూ పెరిగాను. పెళ్లయి మొదటి కాన్పు తర్వాత ఆయాసం ఎక్కువైతే, వాల్వ్ సన్నబడిందని బెలూన్ పెట్టి దాన్ని వెడల్పు చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బాగానే గడిచింది. మిర్యాలగూడలో ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టాను, ఫాల్, పీకో చేశాను. మా ఆయనది రైస్‌మిల్లులో పని. ఇద్దరు ఆడపిల్లల చదువు సగం ఆ మిషన్ మీదే నడిచింది.

నలభై ఏడో ఏట గుండె లయ తప్పింది. వాల్వ్ సన్నబడితే రక్తం ముందుకు పోలేక ఎడమ పై గది ఉబ్బుతుందట. ఏళ్ల తరబడి ఉబ్బిన గోడల్లో కరెంటు సరిగా పారదు. ఆ గది ముడుచుకుని తెరుచుకోవడం మానేసి ఊరికే వణుకుతుంటుంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, ఆసుపత్రిలో అందరూ ఏఎఫ్ అనేస్తారు. వణికే గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. అందుకని నాకు రక్తం పలచన చేసే ఆసిట్రోమ్ మొదలుపెట్టారు. రక్తం ఎంత పలచబడిందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్షలో అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. "కొత్త మాత్రలు వచ్చినయ్ గదా, వాటికి ఈ పరీక్షలు అక్కర్లేదంట" అని చుట్టాలు చెబుతుండేవారు. మాలాంటి రుమాటిక్ వాల్వ్ వాళ్లలో ఆ కొత్త రకం మాత్రను పాత రకంతో పోల్చిన పెద్ద అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. మా చిన్నమ్మాయి బీ ఫార్మసీ చదువుతోంది, ఇలాంటివన్నీ తనే చదివి చెబుతుంది.

కొన్నాళ్లు ఆసిట్రోమ్‌తో, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్‌తో నెట్టుకొచ్చాను. ఆ ఎండాకాలం పెళ్లిళ్ల పని మీద ఉండగా ఒక రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి కూర్చున్నా ఆడలేదు. గుండె దడ చెవుల్లో వినిపిస్తోంది. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీసి, నాడి నిమిషానికి 170 ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, హైదరాబాద్ తీసుకుపొండి అన్నారు. అంబులెన్సులో మా ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతేనే నాకు భయం ఎక్కువ.

ఐసీయూలో బీపీ 90 దాటడం లేదు. బీపీ ఇంకా పడితే షాక్ ఇవ్వాలని ఛాతీకి ముందే ప్యాడ్లు అంటించి పెట్టారు. ఐఎన్ఆర్ తెప్పించి చూసుకున్నారు. అది సరిగా ఉండటం ఆ రాత్రి నాకు దక్కిన ఒకే ఒక్క మంచి మాట. అప్పుడు అమియోడరోన్ అనే మందు మొదలుపెట్టారు. ముందు పది నిమిషాల్లో 150 మిల్లీగ్రాములు. తర్వాత పంపు పెట్టి నిమిషానికి ఒక మిల్లీగ్రాము చొప్పున ఆరు గంటలు, ఆపైన అందులో సగం వేగంతో పద్దెనిమిది గంటలు. రాసుకుంటే లెక్క చిన్నదే. పడుకుని ఎక్కించుకునేవాళ్లకు ఆ గంటలు గడవవు. మందు పోతున్న చేతి నరం మోచేయి దాకా మండింది, ఎర్రగా గీత తేలింది. "సిస్టర్, మంట" అంటే వచ్చి చెయ్యి మార్చారు. నాడి తగ్గుతున్న కొద్దీ మానిటర్ మోగుతూనే ఉంది. నిద్రపోతే మళ్లీ లేవనేమోనని కళ్లు మూసుకోలేదు. నా పక్క మంచం పెద్దావిడను తెల్లవారుజామున తెర వేసి తీసుకెళ్లారు. ఆమె ఏమైందని నేను అడగలేదు.

మర్నాటికి వేగం 100 దగ్గరికి వచ్చింది, లయ మాత్రం కుదరలేదు. డ్యూటీ డాక్టరు సూర్యాపేట వైపు అబ్బాయి. "సార్, ఇంత మందు ఎక్కించిన్రు, ఇంకా సక్కగ కాలేదేంది?" అని అడిగాను. మంచం పక్కన నిలబడి చెప్పాడు: "అమ్మా, ఎండిన చెరువు నిండకుండ తూము పారుతదా? ఈ మందు ముందు ఒళ్లంత నిండాలె. కొవ్వుల, కాలేయంల, ఊపిరితిత్తులల్ల అన్నిట్ల చేరాలె. ఆ తర్వాతే గుండెకు పూర్తిగ పనిచేస్తది. అందుకే మొదట్ల ఎక్కువ మోతాదు." నా జబ్బు గురించి ముప్పై నాలుగేళ్లలో నాకు అర్థమయ్యేటట్టు చెప్పిన మాట ఇదొక్కటే. ఆ అబ్బాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డిశ్చార్జి చేస్తూ అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర మొదటి వారం రోజుకు మూడు, రెండో వారం రెండు, తర్వాత ఒకటి అన్నారు. కాగితం మీద టీడీఎస్, బీడీ, ఓడీ అని ఇంగ్లీషులో మూడు ముక్కలు రాసి ఉన్నాయి. ఆసిట్రోమ్ ఎదురుగా 'కంటిన్యూ' అని ఉంది. నెల తర్వాత రమ్మన్నారు. అంతే.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు నరకం. పొద్దున లేస్తే నోట్లో ఇనుప రుచి. అన్నం చూస్తే వికారం. మాత్ర తిండితోనే వేసుకోవాలి, అప్పుడే ఒంటికి సరిగా పడుతుంది. తిండేమో దిగదు. మా పెద్దమ్మాయి పెరుగన్నం రెండు ముద్దలు బతిమాలి తినిపించి మాత్ర ఇచ్చేది. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది చేతి వణుకు. సూదిలో దారం ఎక్కించబోతే వేళ్లు నిలవలేదు. కంటి చూపు సరిగానే ఉంది, దారం కొస కనిపిస్తోంది, చెయ్యి మాట వినదు. పెళ్లివారి జాకెట్లు కత్తిరించి పెట్టినవి అట్లాగే ఉన్నాయి. మా ఆడబిడ్డ వచ్చి కుట్టిచ్చింది. పూట గడవడం నా చేతుల మీద ఉన్నప్పుడు, ఆ చేతులే వణికితే పడే బాధ గుండెనొప్పికి తక్కువేం కాదు.

ఒక సాయంత్రం చిన్నమ్మాయి మాత్రల పెట్టెలోని కాగితం విప్పింది. చీమల బారులాంటి అక్షరాలు. "చదువు" అన్నాను. ఊపిరితిత్తులు గట్టిపడవచ్చు. కాలేయం దెబ్బతినవచ్చు. థైరాయిడ్ పెరగవచ్చు, తగ్గవచ్చు. చర్మం నీలి బూడిద రంగుకు తిరగవచ్చు. నరాలు, కళ్లు. చదువుతూ చదువుతూ పిల్ల గొంతు పూడుకుపోయింది. "ఇది మందా, విషమా? రేపటి నుంచి వద్దు" అన్నారు మా ఆయన. అప్పుడు అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఈ మాత్రలోని మందు బరువులో 37 శాతం అయోడినే, ఒక్క మాత్రలో 75 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది అందులో అయిదు వందల వంతు. అందుకే థైరాయిడ్ మీద అంత దెబ్బ. ఆపేసినా ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు రెండు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ రాత్రి మానేసినంత మాత్రాన చెడు ఆగదు, గుండె మాత్రం కొన్నాళ్లకు మళ్లీ అదుపు తప్పుతుంది. "మానేయడం కాదు నాన్నా, కనిపెట్టుకుని వాడాలె" అంది. ఇరవై ఏళ్ల పిల్ల ఆ రాత్రి మా ఇద్దరికీ పెద్దదైంది.

ఇదే మందు 1961లో బెల్జియంలో తయారైందట, అదీ గుండెనొప్పి కోసం. లయ తప్పిన గుండెకు పనికొస్తుందని తేల్చింది ఫిజీలో పుట్టిన భారత సంతతి డాక్టరు బ్రామా సింగ్, 1970 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో. మనవాడొకడు కనిపెట్టాడని వినగానే నాకెందుకో కొంత ధైర్యం వచ్చింది. భయంలో ఉన్నవాళ్లకు ఏది ఊతమో చెప్పలేం.

నిజంగా ప్రాణం మీదికి వచ్చింది ఆ కాగితంలోని భయాల వల్ల కాదు. మూడో వారంలో పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం ఆగలేదు. తొడ మీద అరచెయ్యంత నల్లమచ్చ, ఎక్కడా తగిలిన గుర్తు లేదు. మూత్రం ఎర్రబడింది. ఊళ్లోని డాక్టరమ్మ దగ్గరికి వెళితే డిశ్చార్జి కాగితం ఒక్కసారి చూసి, "ఆసిట్రోమ్ డోసు తగ్గించలేదా?" అంది. ఐఎన్ఆర్ 6 దాటింది. అమియోడరోన్ కాలేయంలో ఆసిట్రోమ్ అరగకుండా అడ్డుపడుతుంది, అందుకని పాత మోతాదే రక్తంలో పేరుకుపోయి రెట్టింపు పని చేస్తుంది. ఈ రెండూ కలిసిన రోజునుంచే ఆసిట్రోమ్ తగ్గించి, వారం వారం పరీక్ష చేయాలి. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతి, ఎవరూ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ ఒక్క ముక్క కాగితం మీద రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. ఆ రక్తం మూత్రంలో కాక మెదడులో కారి ఉంటే ఈరోజు ఇది రాసే మనిషి ఉండేది కాదు. దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

డాక్టరమ్మ ఆసిట్రోమ్ ఆపించి, ఐఎన్ఆర్ దిగేదాకా రోజూ రమ్మంది. తర్వాత పాత మోతాదులో సగంతో మళ్లీ మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ముందే తీసి ఉండాల్సిన పరీక్షలు కూడా అప్పుడే చేయించింది. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కాలేయానికి ఎల్‌ఎఫ్‌టీ, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే పరీక్ష, కంటి పరీక్ష. మొదట్లో ఎట్లా ఉన్నాయో తెలిస్తేనే కదా తర్వాత మారింది కనబడేది. ఆకుకూరలు మానేయొద్దు, గోంగూరైనా తోటకూరైనా వారానికి ఒకే లెక్కలో తిను, పంపరపనస మాత్రం ముట్టొద్దు అంది. నన్ను ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నాడి కుదిరింది. అలవాటు ప్రకారం మణికట్టు మీద వేలు పెట్టుకుంటే, అన్నీ సమానంగా తగులుతున్నాయి. నమ్మకం కలగక చిన్నమ్మాయిని పిలిచాను. అది నిమిషం పాటు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఈసీజీలోనూ లయ సరిగా వచ్చింది. అయితే వేగం 48కి పడి కళ్లు తిరిగితే మెటోప్రొలాల్ తగ్గించారు. మోతాదు రోజుకు ఒక మాత్రకు దిగాక వికారం పోయింది, చేతి వణుకు చాలావరకు తగ్గింది. సన్నటి చేతి పని ఇప్పటికీ పొద్దుటిపూటే చేసుకుంటాను.

మిగిలినవి ఒక్కొక్కటే వచ్చాయి. రాత్రి వీధి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే కంటి డాక్టరు చూసి, నల్లగుడ్డు పైపొర మీద మందు పేరుకుంది, ఇది వాడే వాళ్లలో చాలామందికి ఉంటుంది, చూపుకు ఢోకా లేదన్నాడు. చూపే మసకబారితే మాత్రం ఆ రోజే రమ్మన్నాడు. మా నల్లగొండ జిల్లా ఎండలో పది నిమిషాలు నిలబడితే చేతులు మండిపోతాయి, పొడుగు చేతుల జాకెట్టు, గొడుగు లేకుండా గడప దాటను. ఆర్నెల్ల పరీక్షలో థైరాయిడ్ తగ్గిందని తేలి, పరగడుపున థైరాయిడ్ మాత్ర కూడా చేరింది. చలికాలంలో పొడి దగ్గు పట్టుకుంటే మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఎక్స్‌రే మంచిగా వచ్చింది, మామూలు జలుబే. ఈ మందు వాడే ఇంట్లో దగ్గును దగ్గని వదిలేయడానికి లేదు.

ఈ మాత్ర చెడ్డదని నేను అనను. ఇది లేకపోతే ఆ రాత్రి నేను దాటేదాన్ని కాదు. దీన్ని రాసే డాక్టర్లకు ఒక దండం పెట్టి అడుగుతున్నాను: మోతాదు ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా ఎంతో తెలుగులో రాసివ్వండి, ఆసిట్రోమ్‌గానీ వార్‌ఫరిన్‌గానీ ఉంటే దాని సంగతి ఎర్ర సిరాతో రాయండి, పరీక్షలు ముందే చేయించండి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్ర మొదలుపెడితే, ఇవన్నీ అడిగి రాయించుకున్నాకే ఆసుపత్రి మెట్లు దిగండి. భయపడి సొంతంగా ఆపకండి. నేనిప్పుడు వారానికి అయిదు రోజులు ఒక్కో మాత్ర వేసుకుంటున్నాను, వాల్వ్ మార్చే ఆపరేషన్ అయ్యాక దీన్ని ఆపే సంగతి చూద్దామన్నారు.