నేను దాచిన గడ్డ



మన స్టోరు రూములో ఉండే బూడిదమ్మ మీ అందరికీ తెలుసు. నేను 3వ తరగతిలో చేరేటప్పటికే అది పెద్ద పిల్లి. ఇప్పుడు నాది 9వ తరగతి. వంట అక్క లెక్కలో దానికి 10 ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లూ బియ్యం బస్తాలు ఎలుకలు కొరక్కుండా కాపలా కాసింది అదే.

దసరా సెలవులయ్యి వచ్చాక ఒక రాత్రి చదువుకుంటుంటే నా ఒళ్లో పడుకుంది. పొట్ట నిమురుతుంటే చన్ను పక్కన, చర్మం కింద ఏదో చేతికి తగిలింది. శనగ గింజంత ఉంది, గట్టిగా ఉంది. నొక్కితే అరవలేదు. నాకు భయమేసింది. చెబితే జబ్బు పిల్లి అని ఎక్కడైనా వదిలేసి వస్తారేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ రాత్రి చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. నెల తిరిగేసరికి అది రేగిపండంత అయ్యింది.

ఒకరోజు బూడిదమ్మ అన్నం ముట్టలేదు. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇచ్చిన పారాసెటమాల్ మాత్ర నా పెట్టెలో మిగిలి ఉంది. సగం విరిచి పాలల్లో కలుపుతుంటే వంట అక్క చూసి "ఏంట్రా అది?" అంది. ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను.

మాస్టారు తిట్టలేదు. మర్నాడు బుట్టలో గోనె పరిచి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. మాత్ర సంగతి వినగానే డాక్టరు గారు "వేశావా?" అని గట్టిగా అడిగారు. లేదన్నాను. మనకు మందైన ఆ మాత్ర పిల్లికి విషమట. దాని కాలేయం ఆ మందును అరిగించుకోలేదట.

పిల్లుల కొట్లాటలో గాయమై వచ్చే చీము గడ్డ నాలుగు రోజుల్లో లేస్తుందట. మెత్తగా, వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. ఇది అలాంటిది కాదన్నారు. ఆడపిల్లికి చన్నుల దగ్గర వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరేనట. చిన్నగా ఉన్నప్పుడే కోసి తీసేస్తే ఎక్కువ కాలం బతుకుతుందట.

"ఎప్పుడు చూశావు?" అన్నారు.

"నెలయ్యిందండి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నేను తల ఎత్తలేకపోయాను.

వచ్చే సోమవారం టౌనులో ఆపరేషను. ముసలిది కదా, ఏమౌతుందో తెలీదు.

మిత్రులారా, మనమూ ఇంతే. జ్వరమొచ్చినా, గడ్డ లేచినా, ఇంటికి పంపేస్తారని దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాం. పిల్లికి నోరు లేదు, మనకుంది. తెలిసిన రోజే చెప్పండి. మాస్టారూ, చెప్పినవాణ్ణి ఎప్పుడూ తిట్టకండి. ఆ రోజు నన్ను తిట్టలేదు కాబట్టే ఇది రాయగలిగాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి