నది మీద కాలువ!

కింద నది... పైన కాలువ! కోనసీమలోని పి.గన్నవరం వెళితే ఈ విచిత్రాన్ని కళ్లారా చూడొచ్చు.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలింది. వాటిలో వైనతేయ, వసిష్ఠల మధ్య ఉన్నదే నాగరం దీవి. రెండువైపులా నది, మరోవైపు సముద్రం... అయినా పొలాలకు కాలువ నీళ్లు రావాలంటే వైనతేయే అడ్డం. అందుకే కాటన్ దొర హయాంలో, 1850ల్లో, 49 కమానులు కట్టి కాలువను నది దాటించారు. అదే గన్నవరం అక్విడెక్టు. రాజోలు, మలికిపురం ప్రాంతాల్లో వరిచేలు పచ్చగా ఉన్నాయంటే ఆ చలవే.

దాదాపు 150 ఏళ్ల తర్వాత పక్కనే కొత్త అక్విడెక్టు కట్టి, డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్నవారికి వేళాపాళా చూడకుండా వండి వడ్డించిన ఆ తల్లి(1841-1909) మెట్టినిల్లు ఈ మండలంలోని లంకల గన్నవరమే. చేలకు నీళ్లిచ్చే కట్టడానికి అంతకన్నా తగిన పేరేముంటుంది!

ఏటి అవతలే అప్పనపల్లి బాలబాలాజీ, వసిష్ఠ సాగరంలో కలిసేచోట అంతర్వేది నరసింహస్వామి కొలువయ్యారు. ఆ దర్శనాలకు వెళ్లేవాళ్లు కాసేపు ఇక్కడా ఆగాలి. గుడి గోపురాన్ని కాపాడుకున్నట్టే, తరతరాలకు అన్నంపెట్టిన ఈ పాత కమానుల్నీ పదిలంగా కాపాడుకోవాలి. పిల్లలకు చూపించాల్సిన చరిత్ర పుస్తకాల్లోనే కాదు, గోదారి మధ్యలోనూ ఉంది మరి!