అవ్వ తెచ్చిన కాగితము

విద్యార్థులు చేయదగిన సేవను గూర్చియు, వారు ముందు అవలంబింపవలసిన వృత్తులను గూర్చియు ఈ సంచికకు ఏదియైన వ్రాసి పంపుమని సంపాదకులు నన్ను కోరిరి. పూర్వ విద్యార్థినగుటచేతను, బ్యాంకు ఉద్యోగినగుటచేతను నన్ను తలచియుందురు. ఉపదేశములు వ్రాయుటకు నాకు శక్తి చాలదు. పదవ తరగతి చదువుచున్న దినములలో నాకు జరిగిన యొక సంగతిని మాత్రము చెప్పెదను. అందు నాకు గౌరవము తెచ్చునది మిక్కిలి కొంచెము.

అది 1991వ సంవత్సరము. దేశమున నిరక్షరాస్యతను తొలగించుటకై 1988లో కేంద్ర ప్రభుత్వము జాతీయ అక్షరాస్యతా మిషనును నెలకొల్పియుండెను. 1990లో కేరళమందలి ఎర్నాకుళము జిల్లా సంపూర్ణ అక్షరాస్యతను సాధించినట్లు ప్రకటింపబడెను. ఆ యుద్యమమే మా నెల్లూరు జిల్లాకును వచ్చెను. జీతము కోరక చదువు చెప్పువారు ఊరూర కావలసియుండిరి. మా ప్రధానోపాధ్యాయులు పై తరగతుల బాలురలో కొందరిని ఎంచి చుట్టుపట్ల పల్లెలకు పంపిరి. నా వంతునకు క్రోశెడు దూరమున నున్న యొక కూలివారి పల్లె వచ్చెను.

తరగతిలో మొదటివాడనగుటచే నాకు గర్వము మెండు. రాత్రి ఏడు గంటలకు రామమందిరపు అరుగుపై చదువని చాటించితిని. స్త్రీలు ఎనిమిదింటికి గాని రాకుండిరి. ఆలస్యమునకు వారిని మందలించితిని. పొద్దు గ్రుంకువరకు నాట్లు వేసి, ఇంటికి వచ్చి పొయ్యి రాజేసి, పిల్లలకు అన్నము పెట్టి వచ్చెడి తల్లులను పదునైదేండ్ల బాలుడు మందలించుట! ఒక్కరును ఎదురు పలుకలేదు. అది నా బోధనా సామర్థ్యమే యనుకొంటిని.

వాచకములు మూడు, మొత్తము చదువు 200 గంటలు. అక్షరమాలతో గాక, వారెరిగిన మాటలతో మొదలిడి, అందలి అక్షరములను విడదీసి నేర్పు పద్ధతి. 15 మొదలు 35 ఏండ్ల లోపలివారికే యీ చదువు ఉద్దేశింపబడినది. అయినను అరువది దాటిన యవ్వ యొకతె దినమును తప్పక వచ్చుచుండెను. పట్టికలో నీ పేరు వ్రాయ వీలులేదని చెప్పితిని. "పేరెందుకు చిన్నయ్యోరా, నేనీ మూల కూసుంటాలే" అనెను. బలపమును ఆమె వరినారు పట్టినట్లు మూడు వ్రేళ్ళ కొనలతో పట్టుకొనెడిది.

ఒకనాటి రాత్రి తరగతి ముగిసినపుడు ఆమె కొంగుముడి విప్పి, మడతలు నలిగిన కాగితమొకటి నా చేతికిచ్చెను. గేదెను కొనుటకై చేసిన అప్పును గూర్చి ఒక సంస్థవారు పంపిన నోటీసు అది. "ఏం రాసుండాదో చూడు నాయనా" అనెను. చూచితిని. అక్షరములన్నియు తెలిసినవే. కాని అసలు, వడ్డీ, అపరాధ వడ్డీ, వాయిదా మీరిన బాకీ, జప్తు – ఇవన్నియు ఒకే వాక్యములో ఇరుకుకొని నిలిచియుండగా నాకేమియు బోధపడలేదు. బీజగణితములో నూటికి తొంబది తెచ్చుకొన్నవాడను. అందరి యెదుట తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "బాకీ ఉందని గుర్తు చేస్తున్నారవ్వా, అంతే. తీరికగా కట్టొచ్చు" అంటిని. ఆమె కాగితమును కన్నులకద్దుకొని మరల ముడివేసికొనెను.

గడువు పది దినములే యుండెను. పండ్రెండవ నాడు గేదెను తోలుకొనిపోయిరి.

ఆ రాత్రి అవ్వ తరగతికి రాలేదు. కారణము తెలిసిన పిమ్మట నేను ఆమె గుడిసెకు పోయి, తెలియక చెప్పితినని ఒప్పుకొంటిని. ఆమె కోపపడలేదు. "తెలీదంటే ఇంకెవురికన్నా చూపించుండేదాన్ని గదా నాయనా" అనెను. నాటివరకు తినిన బెత్తపు దెబ్బలన్నియు ఆ మాట ముందు ఏపాటివి?

ప్రధానోపాధ్యాయులకు సర్వమును నివేదించితిని. ఆ నోటీసును వారు రెండు మారులు చదివి, "దీనిని చదువుట నీకు మేమెన్నడు నేర్పితిమి?" అని తమలో తాము అనుకొన్నట్లు పలికిరి. నన్ను వెంటబెట్టుకొని ఆ కార్యాలయమునకు వచ్చి గంటల తరబడి కూర్చుండిరి. గేదె తిరిగి వచ్చెను. కాని అపరాధపు సొమ్మునకై అవ్వ తన కమ్మలను కుదువ పెట్టవలసివచ్చెను. నేను ఆ పల్లెకు పోయినంతకాలము ఆమె చెవులలో వేపపుల్లలే యుండెను.

ఆ వారము మొదలు శనివారపు సాయంకాలములందు మాకు పాఠ్యప్రణాళికలో లేని పాఠములు జరిగెను. మనియార్డరు ఫారము, సొమ్ము వేయు చీటి, తీయు చీటి, రసీదు, ప్రామిసరీ నోటు, అర్జీ – ఒక్కొక్కటి చేతబట్టి చదివి, వ్రాసి చూపవలెను. పల్లెలో కాగితము తెచ్చినవారికి అర్థము తెలిసిననే చెప్పవలెను. తెలియనియెడల ఆ మాట యొప్పుకొని, నకలు వ్రాసికొని రావలెను. మొదటి నెలలో నేను తెచ్చినవి నకళ్లే. అవ్వ తన పేరుకంటె ముందు "వాయిదా" అను మాటను నేర్చుకొనెను.

ఇట్టి తరగతులలో కూడిన స్త్రీలే మా జిల్లాలోని దూబగుంటలో సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. 1992లో ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి సారా నిషేధింపబడెను. మా పల్లె పేరు ఏ చరిత్రలోను లేదు. అచ్చట జరిగినదెల్ల కొన్ని కాగితములు చదువబడుటయే.

నేను బ్యాంకులో చేరుటకు కారణమడుగువారికి జీతమని చెప్పుచుందును. అది అబద్ధము కాదు. కాని పోటీ పరీక్షకు కూర్చున్నప్పుడు వడ్డీ లెక్క నాకు లెక్కగా కనబడలేదు, వేపపుల్లలుగా కనబడెను.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక వచ్చి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారియొద్ద పని నేర్చుకొనవలెనని చెప్పుచున్నది. మంచి మాటయే. అయితే, చీపురు పట్టి ఫొటో తీయించుకొని ధ్రువపత్రము పుచ్చుకొను సేవను నేను చాల చూచితిని. బాలుడు పొరపడినయెడల ఎవరికైన నష్టము కలుగునట్టి పని యొకటి, పెద్దవారి కనుసన్నలలో, వానికి అప్పగింపబడవలెనని నా అభిప్రాయము. ఇందులకు కొందరు తల్లిదండ్రులు సమ్మతింపరు. వారి భయము నాకు తెలియును.

ప్రతి నెల మొదటి, మూడవ శనివారములు మా బ్యాంకు తెరచియుండును. ఆ దినములలో బయటి బల్లయొద్ద చీటీలు వ్రాయించుకొనువారు బారులు తీరుదురు. ఇద్దరు విద్యార్థులు అచ్చట కూర్చుండి సాయపడుటకు అనుమతి పొందియున్నాను. నేను ప్రక్కనే యుందును. ఒకరి ఖాతా సంగతి మరియొకరితో చెప్పరాదు. ఓటీపీ యెవ్వరిని అడుగరాదు. తెలియని మాట వచ్చినచో వెంటనే నన్ను పిలువవలెను. రాదలచినవారు తరగతి ఉపాధ్యాయునికి పేరిచ్చి, నీలి సిరా కలమొకటి తెచ్చుకొనుడు.