పంటి బిగువు

"తలకి నూనె రాసుకోకండి. తలంటుకుని, జుట్టు బాగా ఆరబెట్టుకుని రండి" అని ఫోనులో చెప్పింది ఆ అమ్మాయి. పెళ్ళిచూపుల రోజుల తర్వాత నా జుట్టు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడింది తనొక్కతే!

తను పరిశోధక విద్యార్థిని. సిమ్యులేటర్‌లో శిక్షణ పొందే పైలట్ల మీద పడే మానసిక ఒత్తిడిని మెదడులోని విద్యుత్తు ద్వారా కొలవడం తన అంశం. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాతో ఏం పని? పైలట్లతో పోల్చి చూడడానికి, ఎన్నడూ విమానం నడపని వాళ్ళని కూడా కూచోబెడతారట. వాళ్ళలో కొందరికి తెలుగులో అడిగితేనే జవాబు చెప్పడం తేలిక. ప్రశ్నపత్రం తెలుగు చేసిపెట్టమంది. "ముందు మీరే ఒకసారి కూచోండి, మాటలు వాటంతటవే దొరుకుతాయి" అంది.

ఆ వారమే మా పిన్ని కూతురు బర్కత్‌పురలో మా ఇంటికొచ్చింది. పైలట్ లైసెన్సు చేతిలో ఉంది. పెద్ద విమానం నడిపే అర్హత కోసం సిమ్యులేటర్ శిక్షణలో ఉంది. నా ప్రయోగం సంగతి చెబితే నవ్వలేదు. "నీకెందుకక్కా ఈ గొడవ?" అని ఊరుకుంది.

ల్యాబులో నా తలకి వల లాంటి టోపీ తొడిగారు. ఒక్కో ఎలక్ట్రోడు కింద జుట్టు పాయలు తీసి, మాడుకి తగిలేలా జెల్ పెట్టాలి. నాకంటే ముందొచ్చిన క్రాపు అబ్బాయికి పావుగంటలో అయిపోయింది. నాకు గంట దాటింది. "మీ జుట్టు కొంచెం కష్టం మేడమ్" అంది మొహమాటంగా. కష్టం జుట్టుదా, టోపీదా? అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆర్నెల్ ఎటియెన్ అనే నల్లజాతి విద్యార్థిని సరిగ్గా ఇదే అడిగింది. 2020లో ఆమె, ఆమె సహచరులు ఉంగరాల జుట్టుని మాడుకి ఆనించి జడలల్లి, ఆ జడల మధ్య ఇమిడే ఎలక్ట్రోడ్లు చేసి చూపించారు. జుట్టుని మార్చమనలేదు, పరికరాన్ని మార్చారు.

మనిషి మెదడు తరంగాల్ని మొదట నమోదు చేసింది జర్మనీలో హాన్స్ బెర్గర్, 1924లో. పని బరువెక్కే కొద్దీ నుదుటి వైపు నాలుగు నుంచి ఎనిమిది హెర్ట్జ్‌ల తీటా తరంగాలు పెరుగుతాయి. తల వెనకవైపు ఎనిమిది నుంచి పదమూడు దాకా ఉండే ఆల్ఫా తగ్గుతుంది. సూత్రం ఇంతే. కానీ ఈ సంకేతాలు చాలా బలహీనమైనవి, వోల్టులో లక్షల వంతు లెక్క. అందుకని ఆ అమ్మాయి మాటిమాటికీ హెచ్చరించింది: "రెప్పలు ఎక్కువ ఆర్పకండి. పళ్ళు బిగించకండి."

పళ్ళు బిగిస్తే ఏమవుతుంది? దవడ కండరాల విద్యుత్తు మెదడు విద్యుత్తుని ముంచేస్తుంది. తర్వాత కంప్యూటర్లో దాన్ని రొద కింద లెక్కగట్టి తుడిచేస్తారు.

నేను రెండుసార్లు విమానాన్ని కూల్చాను. రెండుసార్లూ పళ్ళు బిగించే ఉన్నాను. మనం దేన్నయినా భరించేది పంటి బిగువునే కదా! ఆ బిగువే ఇక్కడ చెత్త. శాస్త్రపరంగా అది సబబే, కాదనను. అయినా ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

అనువాదానికి కూచున్నాను. ఆ ప్రశ్నపత్రాన్ని నాసా ఏమ్స్ కేంద్రంలో సాండ్రా హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లోవెల్ స్టేవ్‌లాండ్‌తో కలిసి తయారుచేసి 1988లో ప్రచురించింది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. అందులో ఆరు ప్రశ్నలు: బుద్ధికి ఎంత పని పడింది, ఒంటికి ఎంత పని పడింది, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా చేశాననుకుంటున్నారు, ఎంత కష్టపడాల్సి వచ్చింది. అయిదూ సులువుగానే వచ్చాయి. ఆరోది ఫ్రస్ట్రేషన్. విసుగా? చిరాకా? ఉక్రోషమా? "ఎవరిమీదో చెప్పకుండా ఏ మాటని రాస్తావక్కా?" అంది చెల్లి, వెనకనుంచి చదువుతూ.

ఆ రాత్రి చెప్పింది. సిమ్యులేటర్‌లో ఒక ఇంజను ఆగిపోయినట్టు చేస్తారట. చెయ్యాల్సిన పనులన్నీ వరసగా చేతికొస్తాయి, అది భయం కాదు. పక్క సీట్లో అబ్బాయి తప్పు చేస్తే శిక్షకుడు "చూసుకో" అంటాడు. తను చేస్తే "మీ ఆడవాళ్ళకి ఇది..." అని ఆగిపోతాడు. ఆ ఆగిన వాక్యాన్ని మోస్తూనే తర్వాతి ల్యాండింగ్ చెయ్యాలి. నిద్ర పట్టడం లేదు. డాక్టరుకి చెబితే? మెడికల్ పోతే? బ్యాంకు అప్పెవరు తీరుస్తారు? 2023లో డీజీసీఏ పైలట్ల మానసిక ఆరోగ్యం గురించి మార్గదర్శకాలిచ్చింది, తోటి పైలట్లతో చెప్పుకునే ఏర్పాటు ఉండాలంది. కాగితం మీద ఉన్న ధైర్యం నోటిదాకా రావడానికి ఇంకా టైము పడుతుంది.

ఇక్కడి బేగంపేటలోనే ఉండేది దక్కన్ ఎయిర్‌వేస్. 1940ల చివర్లో ప్రేమ్ మాథుర్‌ని ఎనిమిది సంస్థలు ఆడదని కాదన్నాక, ఉద్యోగమిచ్చింది అదే. 2016 జూన్ 18న దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ మన దేశపు మొదటి మహిళా యుద్ధ పైలట్లయ్యారు. ప్రపంచంలో పైలట్లలో స్త్రీలు అయిదు శాతమైతే మన దగ్గర దాదాపు పదిహేను అని ప్రభుత్వం గర్వంగా చెబుతుంది. గర్వమే. కానీ ఆ ఎనిమిది తిరస్కారాల బరువుని ఏ తీటా తరంగంలో వెతకాలి? తరంగం ఎంత బరువో చెబుతుంది, ఎవరు పెట్టారో చెప్పదు.

"ఆ గ్రాఫు ఎవరి దగ్గరుంటుంది?" అని చెల్లి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. హార్ట్ పెట్టిన పేరు మాత్రం గుర్తొచ్చింది: టాస్క్ లోడ్ ఇండెక్స్. పని బరువు సూచిక! కొలిచేది పనిని, మనిషిని కాదు. కాక్‌పిట్‌ని మనిషికి తగ్గట్టు చెయ్యడానికి పుట్టిన కొలత అది. మనిషిని ఏరిపారెయ్యడానికి వాడుకుంటే పళ్ళు బిగించడం ఇంకా బాగా నేర్చుకుంటాం, అంతే.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోను చేశాను. గైడుతో మాట్లాడి, అంగీకార పత్రంలో రెండు వాక్యాలు చేర్చడానికి ఒప్పుకుంది. "ఈ కొలత పని ఎంత బరువైందో తెలుసుకోడానికే, మీరు దానికి తగినవారా కాదా అని తేల్చడానికి కాదు. మీ పేరుతో దీన్ని ఎవరికీ ఇవ్వం."

ఆరో ప్రశ్నకి "చిరాకు" అని రాసి, పక్కన "ఎందువల్ల?" అని రెండు ఖాళీ గీతలు గీశాను. సూచికలో వాటికి మార్కులుండవని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఉండనీ అన్నాను.

చెల్లికి చూపించాను. చాలాసేపు చదివింది. టోపీ పెట్టుకుంటానని అనలేదు. "అక్కా, ఆ రెండో వాక్యం ముందు పెట్టు" అంది.