మా పాత బండి జమాఖర్చులు

వంటను గూర్చియో, పిల్లల పెంపకమును గూర్చియో వ్రాయక ఈమె డీసెలు బండిని గూర్చి వ్రాయుటేమని మీరు నవ్వవచ్చును. మా యింట 31,000 రూపాయలు ఒక్కమారుగా దాని మరమ్మతునకు పోయి, నా చేతి గాజులు తాకట్టు పడినపుడు నాకు నవ్వు రాలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మాది నూజివీడు ప్రాంతము. ఆరెకరముల మామిడితోట మాకు జీవనాధారము. కాయలను విజయవాడ చెంతనున్న నున్న మార్కెటునకు చేర్చుటకై మావారు 2009లో ఒక పికప్పు ట్రక్కును కొనిరి. తక్కిన నెలలలో అది ఊరివారి యెరువులను, ఇటుకలను, పెండ్లి సామానులను మోసి నాలుగు డబ్బులు తెచ్చుచుండెడిది. మా అత్తగారు దానిని "మా పెద్దకొడుకు" అనెడివారు.

మనిషికి వలెనే బండికిని ముసలితనము వచ్చును. మొదట క్లచ్చి ప్లేటు అరిగి, ఇంజను ఎంత అరచినను బండి మెట్ట యెక్కకుండెను. పిమ్మట మితిమీరిన బరువునకు వెనుక కమాను పట్టీ యొకటి విరిగెను. వానలకు తొట్టి యడుగున తుప్పుపట్టి రంధ్రములు పడెను. ఇవి వయసుతో వచ్చు ఖర్చులు; వీనికి మేము వగవలేదు. వగచినది వేరొకదానికి.

2023 మార్చి నెలలో ఒకనాటి యుదయము ముగ్గు పెట్టబోవుచు, బండి ముందుభాగము క్రింద నేలపై అరచేతియంత పచ్చని తడి మరకను చూచితిని. మరునాడును అట్లే యుండెను. మావారితో చెప్పితిని.

"ఎండాకాలం గదా, కాసిని నీళ్లు కారుతాయి. పోసుకుంటే సరి. బండి సంగతి నీకెందుకు?" అనిరి.

నాకును నిజమే యనిపించెను. ఇంజను మగవారి విద్య యని నా మనస్సునను నాటుకొనియుండెను. నాటినుండి ఆయన ప్రొద్దుటనే చెంబెడు నీళ్లు రేడియేటరులో పోయుటయు, నేను మరకమీద పేడనీళ్లు చల్లి ముగ్గు పెట్టుటయు నిత్యకృత్యమయ్యెను. క్రమముగా మరక పచ్చదనము పోయి వట్టి నీటి మరక యయ్యెను. చెంబు బిందె యయ్యెను.

మే నెలలో, కాయ ముమ్మరముగా దిగు దినములలో, నిండు బరువుతో నున్నకు పోవుచుండగా వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటు దాటినదట. కాయ ఎండకు మాడునను తొందరలో మావారు ఆపక నడిపిరి. కొంతదూరము పోవునప్పటికి తెల్లని ఆవిరి చిమ్మి ఇంజను నిలిచిపోయెను. కాయలను వేరొక బండికెక్కించి మార్కెటు చేర్చునప్పటికి ప్రొద్దు వాలినది, ధరయు దిగినది.

బండిని ఆటోనగరునకు లాగించిరి. మరునాడు నేనును వెంట వెళ్లితిని. మెకానిక్కు వృద్ధుడైన సాయిబుగారు. ఆయన ఇంజను నూనెను కొలుచు కడ్డీని తీసి చూపిరి. నల్లగా నుండవలసిన నూనె పాలు కలిపిన టీ వలె నురుగు కట్టియుండెను.

"నీళ్లు నూనెలో కలిసినాయమ్మా. హెడ్డు గ్యాస్కెట్టు పోయింది" అనిరి. నాకు బోధపడలేదని గ్రహించి, "మీ ఇంట్లో కుక్కరు మూతకు రబ్బరు గ్యాస్కెట్టు ఉంటుంది గదా తల్లీ! నీళ్లు లేకుండా కుక్కరు పొయ్యిమీద పెడితే ఏమవుతుంది? ఇదీ అంతే" అనిరి.

ఆ ఒక్కమాటతో నాకంతయు తెలిసిపోయెను. రేడియేటరు క్రింది రబ్బరు గొట్టము పగిలి నీరు కారుచుండెను. నీరు చాలక ఇంజను కాగి, దాని మూతయగు హెడ్డు వంగి, నడుమనున్న గ్యాస్కెట్టు కాలిపోయినది. మార్చిలోనే క్రొత్త గొట్టము వేయించియుండిన 650 రూపాయలతో తీరెడిది. ఇప్పుడు లెక్క ఇట్లు తేలినది: బండిని లాగించుటకు 3,500, గ్యాస్కెట్లకు 4,200, లేతు కొట్టులో హెడ్డు చదును చేయుటకు, వాల్వులకు 5,800, గొట్టముతో సహా రేడియేటరు పనికి 4,000, నూనె, ఫిల్టర్లు, కూలెంటు 4,500, కూలి 9,000. చేతిలోని సొమ్మంతయు తోట పెట్టుబడికి పోయినందున నా గాజులు బ్యాంకునకు చేరెను.

ఆ రాత్రి మావారు, "నువ్వు చెప్పినప్పుడే వినవలసింది" అనిరి. నేను మారు పలుకలేదు. చూచిన మరకను రెండు నెలలు ముగ్గుతో కప్పినదానను నేనే గదా!

పాతదానిని అమ్మివేయుమని పలువురు చెప్పిరి. నేను పుస్తకము తీసి లెక్క వేసితిని. ఆ యేడాది మరమ్మతులన్నియు కలిపి 52,000 అయినవి. క్రొత్తబండికి అప్పు చేసినచో నెలకు 20,000 వాయిదా. బండిని ఉంచుకొంటిమి. మరమ్మతు ఖర్చు వాయిదాలను మించిననాడు అమ్ముదుమని ఆ పుటలోనే వ్రాసికొంటిని.

నాటినుండి బండి పుస్తకము నాది. నూనె మార్చిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పెట్టిన ఖర్చు అందులో ఎక్కించుచున్నాను. ముగ్గునకు ముందు బండి క్రిందికి వంగి చూచెదను. పచ్చని నీరైన కూలెంటు. నల్లని జిడ్డయిన ఇంజను నూనె. చక్రము చెంత పలుచని పసుపు జిడ్డయిన బ్రేకునూనె కావచ్చును, నాడు బండి కదలరాదు. పొగయు మాటలాడును: నల్లనిదైన గాలి ఫిల్టరునో డీసెలు పిచికారీనో చూడవలెను, నీలిదైన నూనె కాలుచున్నది, ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ మానకున్న లోనికి నీరు దిగుచున్నదేమో చూపవలెను. రెండు జాగ్రత్తలు మాత్రము మరువకుడు. వేడిగానున్న రేడియేటరు మూతను తెరువరాదు, ముఖము కాలును. కారిన కూలెంటు తియ్యగా నుండు విషము. పిల్లలు గాని, దూడలు గాని నాకకుండ కడిగివేయవలెను.

2024 కాపు సొమ్ముతో గాజులు విడిపించుకొంటిని. ఇప్పుడు మావారే ప్రొద్దుట అడుగుచున్నారు: "క్రింద ఏమైనా కారిందా, చూచినావా?" అని. చూచిన పిమ్మటనే ముగ్గు పెట్టుచున్నాను.