గోలీ ఆపిన మూడో రోజు

దసరాకూ సంక్రాంతికీ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సుల కోసం జనం పోటెత్తుతారు. సంచుల్లో కొత్త బట్టలుంటాయి, పిల్లలకు తినుబండారాలుంటాయి. బీపీ గోలీలు మాత్రం ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉండిపోతాయి. తిరిగొచ్చాక అడిగితే, "నాలుగు రోజులే గద సారూ, ఏమైతది?" అంటారు. చాలా బీపీ మందులు ఆపితే రక్తపోటు మెల్లగా పాత చోటికి చేరుతుంది. అదీ మంచిది కాదు గానీ, సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. క్లోనిడిన్ అలా కాదు. దాన్ని ఒక్కసారిగా మానేస్తే బీపీ పాత చోటికొచ్చి ఆగకుండా, దాన్ని దాటి పైకి పోవచ్చు. ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మళ్లీ చెబుతున్నాను.

నాచారం పారిశ్రామికవాడలో ప్రెస్ మిషన్ మీద పనిచేసే మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చేవాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూడు రకాల మందులకూ లొంగని బీపీ, క్లోనిడిన్ చేర్చాక దారికొచ్చింది. చీటీ మీద 130/80 చూసుకుని జబ్బు పోయిందనుకున్నాడు. పైగా ఆ మందుతో నోరెండిపోయేది, నైట్ షిఫ్టులో కళ్లు మూతలు పడేవి. ప్రెస్ కింద చేతులు పెట్టి పనిచేసేవాడికి కునుకు పడితే వేళ్లు తెగుతాయి. ఆ భయంలో తప్పేముంది? నాతో ఒక్క మాట అనుంటే మోతాదు సర్దేవాణ్ణి, కుదరకపోతే మెల్లగా తగ్గించి మందే మార్చేవాణ్ణి. అనలేదు. సోమవారం మానేశాడు. బుధవారం తెల్లవారుజామున తల పగిలిపోయే నొప్పి, ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, గుండెదడ. వీధిలో ఉన్న ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి సూది వేసి పంపాడు. ఆ సూదితో పోయిన గంటలు ఎంత విలువైనవో ఆ ఇంటివాళ్లకు ఇప్పుడు తెలుసు. ఆస్పత్రికి చేరేసరికి పై లెక్క 230. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వేళ్లు పోతాయని భయపడి మందు మానిన మనిషి ఆయన. దాన్ని తలుచుకుంటే నాకు కోపం రాదు, గుండె బరువెక్కుతుంది.

లోపల జరిగేది ఇది. మన ప్రమేయం లేకుండా రక్తనాళాలను బిగించే నరాలున్నాయి. వాటి కొసల్లో చిన్న చిన్న సంచుల్లో నోరెడ్రినలిన్ నిల్వ ఉంటుంది. ఆ నరాలు పంపే సందేశం ఇదేనని 1946లో తేల్చిన స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్‌కు 1970లో నోబెల్ వచ్చింది. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి, నీళ్లు నిండగానే లేచి పైపు మూసేస్తుంది కదా, నరాల కొసల మీదా అలాంటి ఏర్పాటే ఉంది. బయటికొచ్చిన నోరెడ్రినలిన్ చాలినంత కాగానే అదే తిరిగి ఆ కొసకు తగిలి విడుదలను ఆపుతుంది. క్లోనిడిన్ ముఖ్యంగా మెదడు అడుగు భాగంలోనూ, కొంత ఈ కొసల దగ్గరా అదే పని చేసి నరాలను నెమ్మదింపజేస్తుంది. రోజుల తరబడి అలా అణిగి ఉన్న నరాలు, మందు హఠాత్తుగా తప్పుకోగానే నోరెడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. మందు ఒంట్లోంచి తొందరగా పోతుంది కాబట్టి రెండో రోజో మూడో రోజో ఆ దెబ్బ తగులుతుంది.

అసలు క్లోనిడిన్‌ను 1962లో జర్మనీలో ముక్కు దిబ్బడకు చుక్కల మందుగా తయారుచేశారు. జలుబు చేసిన ఒక సెక్రటరీ ముక్కులో వేస్తే ఆమె రోజంతా నిద్రపోయింది, బీపీ పడిపోయింది. అలా బీపీ మందైంది.

ఇంకో రకం మానేయడం కూడా ఉంది. ఉప్పల్‌లో ఒక పెద్దమ్మ గోలీలన్నీ పక్కన పెట్టి, ఎవరో అమ్మిన సర్పగంధ పొడి మొదలుపెట్టింది. "చెట్టు మందు కదా బిడ్డా, ఏం చేస్తది?" అంది. చాలా చేస్తుందమ్మా! 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని శక్తిని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసి ప్రపంచానికి చూపారు. అందులోని రిసర్పిన్ ఆ నరాల సంచులను నింపుకోనివ్వక ఖాళీ చేస్తుంది. మెదడులోనూ అంతే. పొడిలో అది ఎంతుందో అమ్మినవాడికే తెలియదు. ఆమె బీపీ తగ్గింది నిజమే. ముక్కు మూసుకుపోయింది, తిండి సయించలేదు. "అమ్మ ఎవరితోనూ మాట్లాడుతలేదు, ఊకె ఏడుస్తది" అని కూతురు తీసుకొచ్చింది. పొడి మాన్పించి, పాత గోలీలు మళ్లీ మొదలుపెట్టాం. ఖాళీ అయిన సంచులు నిండడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో ఆ కూతురు తల్లిని ఒంటరిగా వదల్లేదు.

క్లోనిడిన్ ఆగి బీపీ ఎగిరితే, ఆస్పత్రిలో దాన్నే మళ్లీ మొదలుపెట్టి దించుతాం. బీటా బ్లాకర్ అనే ఇంకో రకం మందు కూడా వాడుతున్నవాళ్లకు క్లోనిడిన్ మాన్పించాలంటే, ముందు బీటా బ్లాకర్‌ను తగ్గించి ఆపాలి, ఆ తర్వాతే క్లోనిడిన్‌ను కొన్ని రోజుల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇది ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదు. రోజూ వేళకు మింగడం కుదరదని ముందే తెలిసినవాళ్లకు, వేరే దారి ఉన్నంతవరకు నేను ఈ మందు రాయను. రాసినప్పుడు ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి చెబుతాను. ఆఖరి స్ట్రిప్పు చింపిన రోజే కొత్తది కొనండి. మీ గల్లీ మెడికల్ షాపులో "స్టాక్ లేదు, ఎల్లుండి రండి" అంటే ఎల్లుండి దాకా ఆగొద్దు. హబ్సిగూడకు పోండి, తార్నాకకు పోండి. అక్కడా దొరక్కపోతే ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చేయండి.