చెప్పేదాకా కాదనుకో

సీ ప్లస్ ప్లస్‌లో టెంప్లేట్లు రాసేవాళ్లందరికీ పరిచయమున్న ఎర్రర్ ఒకటుంది. ఫలానా పేరుకి ముందు ‘టైప్‌నేమ్’ అని రాయమని కంపైలర్ మొండికేస్తుంది. రాస్తాం, ఎర్రర్ పోతుంది, పనిలో పడిపోతాం. ఎందుకు అడిగిందో ఆగి చూసేవాళ్లు తక్కువ.

టెంప్లేట్ అంటే టైప్ ఏమిటో తెలియకముందే రాసిపెట్టే కోడ్. దానికి ‘టీ’ అని ఓ పేరు పెట్టుకుంటాం. ఆ టీ ఏమిటన్నది వాడుకునేవాళ్లు తర్వాత చెప్తారు. ఇప్పుడు ‘టీ::ఐటమ్ * పీ;’ అని ఒక లైను రాశామనుకోండి. ఐటమ్ ఒక టైప్ అయితే, ఆ లైను పీ అనే పాయింటర్‌ని ప్రకటిస్తోంది. ఐటమ్ ఒక విలువ అయితే, దాన్ని ముందే ఉన్న పీతో గుణిస్తోంది. తెలుగులో ‘పాడు’ లాంటిదే ఇదీ. ‘పాట పాడు’ అంటే అడగడం, ‘పాడు పాట’ అంటే తిట్టడం. మనం పక్కమాట చూసి తేల్చుకుంటాం. కంపైలర్‌కి తేల్చి చెప్పాల్సింది టీ. అదేమో ఇంకా రాలేదు.

అందుకే 1998 నాటి ప్రమాణంలోనే ఒక నియమం పెట్టారు: ఇలా టీ మీద ఆధారపడిన పేరు కనిపిస్తే, టైప్ అని చెప్పేదాకా అది టైప్ కాదనుకో.

ఈ నియమం నాకు బాగా తెలిసిన మనుషుల్ని గుర్తుచేస్తుంది. కొత్త టీమ్‌తో మీటింగ్‌లో కూర్చుంటాను. “టెస్టింగా మేడమ్?” అని అడుగుతారు. కొందరు అదీ అడక్కుండా నోట్స్ రాయమంటారు. చెప్పేదాకా డెవలపర్‌ని కాదన్నమాట. పోయిన నెల చేరిన కుర్రాడు పక్కనే ఉంటాడు. వాడు ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నేను పదకొండేళ్లుగా నా పేరుకి ముందు ఆ మాట తగిలించుకుంటూనే ఉన్నాను.

అయినా కంపైలర్ మీద నాకు కోపం రాదు. అది తన ఊహని దాచుకోదు. కుర్రాడు రాసినా నేను రాసినా అదే ఎర్రర్. ఏ లైనులో, ఏ మాట చేర్చాలో చెప్తుంది. చేర్చాక నమ్ముతుంది, “నిజంగానా?” అనదు. చెప్పింది నిజం కాకపోతే టీ వచ్చినరోజు అదే బయటపడుతుంది. మనుషుల ఊహలకి లైను నంబర్లుండవు. ఎక్కడ సరిచెయ్యాలో తెలీదు, సరిచేసినా రేపటికి నిలవదు.

2020లో సీ ప్లస్ ప్లస్ 20 ఈ నియమాన్ని కాస్త సడలించింది. టైప్ తప్ప ఇంకేదీ రాలేని చోట, ఉదాహరణకి ‘యూజింగ్’తో ఒక టైప్‌కి మారుపేరు పెట్టేచోట, ఇక టైప్‌నేమ్ అక్కర్లేదు. అనుమానమే లేనప్పుడు చెప్పించుకోవడం దేనికని. ప్రకటనా, గుణకారమా అన్న సందేహం ఉన్నచోట మాత్రం ఇప్పటికీ రాయాల్సిందే. అదీ న్యాయమే.

మా డిజైన్ రివ్యూల్లో రాసినవాళ్లే లేచి వివరిస్తారు. అక్కడ అనుమానానికి చోటు లేదు. గంటసేపు వివరించి, ప్రశ్నలుంటే అడగమంటాను. స్క్రీన్ ముందు ఇంకా నిలబడే ఉంటాను. “బావుంది, ఇంతకీ ఎవరు రాశారిది?” అంటూ గదంతా వెతుకుతారు.